ఇంట్లో చంటిబిడ్డ – మన ధమ్మానికి తొలి పరీక్ష





మన ఆదివారం వందనల్లో నేను చాలాసార్లు మాట్లాడాను. అష్టాంగ మార్గం గురించి చెప్పాను, కులనిర్మూలన గురించి చెప్పాను, రాజ్యాంగం గురించి గంటలు గంటలు చెప్పాను. ఈసారి మా ఇంటి సంగతి చెప్తాను. మాకు రెండున్నరేళ్ల పాప ఉంది. పెళ్లయిన తొమ్మిదేళ్లకి, నాకు నలభై దాటాక పుట్టింది. ముద్దుగా చిట్టి అంటాం. "చంటిపిల్ల సంగతికీ ధమ్మానికీ ఏంటి సంబంధం?" అని మీరు అడగొచ్చు. సంబంధం ఉంది. అది నాకు తెలిసొచ్చిన రోజు నేను తల ఎత్తుకోలేకపోయాను. అందుకే దాచకుండా చెప్తున్నాను.

ఆ రాత్రి ఏం జరిగింది

ఆ రోజు పొద్దున్నే మా పల్లె శ్మశానం దారి పని మీద ఒక ఆఫీసుకి పోయాను. అక్కడ కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చోమన్నవాడు లేడు. రెండు గంటలు నిలబెట్టి చివరికి "రేపు రా" అన్నాడు గుమస్తా. నాకంటే పదిహేనేళ్లు చిన్నవాడు. "రండి" అనలేదు, "రా" అన్నాడు. మన ఇంటిపేరు, మన పల్లె పేరు తెలిశాక ఆ "రండి" ఎక్కడికి పోతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ మాటని గొంతులో పెట్టుకునే సాయంత్రం పక్క ఊళ్లో ధమ్మసభకి వెళ్లాను. మైత్రి మీద గంటన్నర మాట్లాడాను. చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు. రాత్రి పదింటికి ఇల్లు చేరాను.

చిట్టి ఇంకా నిద్రపోలేదు. నన్ను చూడగానే నీళ్ల చెంబు పట్టుకుని ఎదురొచ్చింది. ఎవరైనా ఇంటికొస్తే వాళ్లమ్మ మంచినీళ్లు ఇవ్వడం చూసి నేర్చుకుంది. గడప దగ్గర తూలింది. నీళ్లన్నీ నేను కింద పెట్టిన సంచీ మీద ఒలికిపోయాయి. సంచీలో మర్నాడు ఇవ్వాల్సిన అర్జీ ఉంది, దాని వెనక పల్లెవాళ్ల సంతకాలు, వేలిముద్రలు ఉన్నాయి. నా చెయ్యి లేచింది. పిల్ల చెంప మీద పడింది.

పిల్లలన్నాక ఒక దెబ్బ పడదా అని మీలో కొందరు అనుకోవచ్చు. నన్ను పొడిచింది దెబ్బ కాదు, దాని తర్వాత జరిగింది. కొట్టింది నేను. వెక్కివెక్కి ఏడుస్తూ పిల్ల వచ్చి పట్టుకుంది నా కాళ్లనే. దానికి ఇంకెవరు దిక్కు? కొట్టిన చేతి దగ్గరికే ఓదార్పు కోసం వచ్చింది.

మా ఆవిడ పొయ్యి దగ్గర్నించి వచ్చి పిల్లని ఎత్తుకుంది. నన్ను తిట్టలేదు. "ఏమయ్యా, మైత్రి మీద చాలా బాగా చెప్పావంటగా. ఫోన్ చేసి చెప్పారు" అంది. అంతే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ చెయ్యి ఎక్కడ్నించి వచ్చింది?

మా నాన్న పాలేరు. గొడ్డు ఎవరి చేలోనో పడితే ఆసామి ఆయన్ని నలుగురిలో నిలబెట్టి తిట్టేవాడు. అమ్మ ముందే కనిపెట్టేది. నాన్న గుమ్మంలోకి వస్తూ తలగుడ్డ విప్పి విసిరికొడితే ఆ రోజు ఏదో అయిందని లెక్క. వెంటనే మమ్మల్ని పెరటిదారిన పిన్నమ్మ ఇంటికి తోలేది. తప్పించుకోలేని రోజు ఆసామి తిట్టు మా వీపుల మీద తేలేది. నాన్న చెడ్డవాడు కాదు. పస్తుండి మమ్మల్ని బడికి పంపిన మనిషి. అయినా ఆ అవమానాన్ని ఎక్కడ దించుకోవాలో ఆయనకి ఎవరూ చెప్పలేదు.

ఆ రాత్రి లెక్క వేసుకున్నాను. ఆసామి నోటి నుంచి నాన్న మీదికి, నాన్న చేతి నుంచి నా మీదికి. గుమస్తా నోటి నుంచి నా మీదికి, నా చేతి నుంచి చిట్టి మీదికి. నేను బి.ఏ. చదివాను, దీక్ష తీసుకున్నాను, 22 ప్రతిజ్ఞలు నోటికి చెప్తాను. అయినా ఆ దెబ్బ ఎక్కడా ఆగకుండా నా గుండా ప్రయాణం చేసింది.

కులం అంటే ఒట్టి అసమానత కాదు, నిచ్చెనమెట్ల అసమానత అని బాబాసాహెబ్ మనకి విప్పి చూపించాడు. పైమెట్టు వాడు తొక్కుతుంటే ప్రతివాడూ తన కిందిమెట్టు కోసం వెతుక్కుంటాడు. అందుకే ఆ నిచ్చెన ఇన్ని వందల ఏళ్లు కూలకుండా నిలబడింది. మనం ఊరి నిచ్చెనలో ఆఖరి మెట్టు మనదే అనుకుంటాం. కాదు. మన గడప లోపల ఇంకో రెండు మెట్లు ఉన్నాయి. ఒకటి ఇల్లాలు. ఆమె కింద బిడ్డ. బిడ్డ కింద ఇంకెవరూ లేరు, అందుకే అది తన బొమ్మని కొడుతుంది. మర్నాడు చిట్టి తన గుడ్డబొమ్మ చెంప మీద కొట్టి "నీల్లు పోత్తావా" అంది. నేను చెవులారా విన్నాను.

ఇద్దరు మనుషులు ఉన్న చోటల్లా

మనిషి ఒక్కడే ఉంటే ధమ్మంతో పనిలేదు, ఇద్దరు కలిసి బతకాల్సి వస్తే మాత్రం ఇష్టమున్నా లేకున్నా ధమ్మం కావాల్సిందే అన్నది బాబాసాహెబ్ 'బుద్ధుడు – ఆయన ధమ్మం'లో చెప్పిన సారం. మనం ఇది చదివి, ఆ ఇద్దరూ అంటే మనమూ పైకులం వాడూ అనుకుంటాం. ఆ రెండో మనిషి రెండున్నరేళ్ల పిల్ల అయితే? ఆ పిల్ల మనల్ని ఎదిరించలేదు, కేసు పెట్టలేదు, ఇల్లొదిలి పోలేదు. మనం ఎవరి చేతిలోనైనా బలహీనులమైతే న్యాయం అడుగుతాం. మన చేతిలో ఒక బలహీనురాలు ఉన్నప్పుడు ఏం చేస్తాం? ధమ్మం మనలో ఉందో లేదో తేలేది అక్కడ. సభలో తేలదు.

అభయుడి ఒడిలో పసిబిడ్డ

మజ్ఝిమ నికాయంలో అభయరాజకుమార సుత్తం ఉంది. అభయుడు రాజగృహంలో రాకుమారుడు. బుద్ధుణ్ణి మాటల్లో ఇరికించాలని నిగంఠ నాతపుత్తుడు అతనికి ఒక ప్రశ్న నేర్పి పంపాడు. తథాగతుడు ఎదుటివాళ్లకి నచ్చని మాట మాట్లాడతాడా అన్నది ప్రశ్న. అవునన్నా తప్పే, కాదన్నా తప్పే అయ్యేలా అల్లారు. బుద్ధుణ్ణి భోజనానికి పిలిచి, భోజనమయ్యాక అడిగాడు. అప్పుడు అభయుడి ఒడిలో ఒక పసిబిడ్డ పడుకుని ఉంది. బుద్ధుడు ఆ బిడ్డనే చూపించి అడిగాడు. నీ ఏమరుపాటు వల్లో దాది ఏమరుపాటు వల్లో ఈ బిడ్డ పుల్లో రాయో నోట్లో పెట్టుకుంటే ఏం చేస్తావని. తీసేస్తాను, తేలిగ్గా రాకపోతే ఎడమచేత్తో తల పట్టుకుని, కుడిచేతి వేలు వంచి, నెత్తురొచ్చినా సరే తీస్తాను, ఎందుకంటే బిడ్డ మీద నాకు దయ ఉంది అన్నాడు అభయుడు. తథాగతుడి మాట కూడా అలాంటిదేనని బుద్ధుడు వివరించాడు. నిజం కావాలి, మేలు చేసేది కావాలి, సమయం తెలిసి చెప్పాలి. అప్పుడది ఎదుటివాడికి నచ్చకపోయినా చెప్తాడు.

మొన్న వేసవిలో మా అమ్మ చింతపండులో గింజ తీస్తుంటే చిట్టి ఒక పిక్క నోట్లో వేసుకుంది. పిక్క కంటికి కనపడుతోంది. దవడ పట్టుకుని తీశాను. పిల్ల నా వేలు కొరికింది, గుక్కపట్టి ఏడ్చింది. నాకు కోపమే రాలేదు. (కనపడని దాని కోసం మాత్రం గుడ్డిగా వేలు పెట్టి కెలకొద్దు, ఇంకా లోపలికి పోతుంది.) ఆ రోజూ పిల్ల ఏడ్చింది, చెంబు ఒలికిన రోజూ ఏడ్చింది. తేడా ఎక్కడుంది? పిక్క తీసేటప్పుడు నా చూపు పిల్ల గొంతు మీద ఉంది. కొట్టేటప్పుడు నా చూపు నా కోపం మీద ఉంది.

పిల్లలకి "వద్దు" అని చెప్పకూడదని కాదు నేననేది. పొయ్యి దగ్గరికి పోతే లాగాలి, రోడ్డు మీదికి పరుగెడితే గట్టిగా పట్టుకోవాలి. ఏడిస్తే ఏడవనివ్వాలి. అయితే చెయ్యి లేచే ముందు ఒక్క ప్రశ్న: ఈ చెయ్యి బిడ్డ కోసం లేస్తోందా, నా కోసం లేస్తోందా? దీనికి బి.ఏ. అక్కర్లేదు. ఒక శ్వాస పీల్చి వదిలేంత సేపు చాలు. ఆనాపానసతి కూర్చుని చేసేదే కాదు, చెంబు ఒలికినప్పుడు చేసేది కూడా.

రాహులుడి నీళ్ల పాత్ర

నీళ్ల చెంబు అంటే నాకు ఇప్పుడు రాహులుడే గుర్తొస్తాడు. బుద్ధుడు కపిలవస్తుకి తిరిగొచ్చినప్పుడు తల్లి మాట మీద కొడుకు వెళ్లి నా వారసత్వం నాకివ్వమని అడిగాడు. అమరావతి శిల్పులు ఆ ఘట్టాన్ని రాతిలో చెక్కారు. తండ్రి ఆస్తి ఇవ్వలేదు, ధమ్మం ఇచ్చాడు. ఆ కథలో మనం మరిచిపోయే ముక్క ఒకటుంది. మనవణ్ణి కూడా సంఘంలో చేర్చుకున్నారని తాత శుద్ధోదనుడు కుమిలిపోయాడు. బుద్ధుడి దగ్గరికొచ్చి తన బాధ చెప్పుకున్నాడు. ఆ బాధ విని బుద్ధుడు, తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లల్ని సంఘంలో చేర్చుకోకూడదని నియమం పెట్టాడు. అంతటివాడే ఒక ముసలాయన మాట విని పద్ధతి మార్చుకున్నాడు.

అంబలట్ఠికలో రాహులుడికి చేసిన బోధలో, బుద్ధుడు కాళ్లు కడుక్కున్న పాత్రలో కాసిని నీళ్లు మిగిల్చి చూపిస్తాడు. తెలిసి అబద్ధమాడడానికి సిగ్గుపడని వాడి సాధన ఇంత కొంచెమేనంటాడు. ఆ నీళ్లు పారబోస్తాడు, పాత్ర బోర్లిస్తాడు, వట్టి పాత్ర చూపిస్తాడు. నవ్వులాటకి కూడా అబద్ధం ఆడొద్దంటాడు. అద్దం ఎందుకు? చూసుకోవడానికి. అలాగే పని చేసేముందు, చేస్తున్నప్పుడు, చేశాక కూడా చూసుకోమంటాడు. చేసింది తప్పని తేలితే దాచకుండా చెప్పుకోమంటాడు.

మరి మనం చంటిపిల్లలతో రోజుకి ఎన్ని అబద్ధాలు ఆడతాం? "ఇప్పుడే వస్తా" అని దొడ్డిదారిన జారుకోవడం. "అన్నం తింటే చాక్లెట్ తెస్తా" అని తేకపోవడం. ముసావాదా వేరమణి అని విహారంలో చెప్పి, ఇంటికొచ్చి పిల్లతో తొలి అబద్ధం మనమే ఆడతాం. నేను మానేశాను. "చిట్టీ, మీటింగుకి పోతున్నా. నువ్వు అన్నం తిని పడుకో. నిద్ర లేచేసరికి నీ పక్కన ఉంటా" అని ఎదురుగానే చెప్పి పోతున్నా. నాలుగు రోజులు గుమ్మంలో పడి ఏడ్చింది. అయిదో రోజు గడప మీద నిలబడి టాటా చెప్పింది. నాన్న మాట నిజమవుతుందని దానికి నమ్మకం కుదిరింది.

ఇంకో పని కూడా చేశాను. దెబ్బ కొట్టిన మర్నాడు పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని "నాన్న తప్పు చేశాడమ్మా, కొట్టకూడదు" అన్నాను. దానికేం అర్థమైందో తెలీదు. నా చెంప నిమిరింది. "తండ్రి పిల్లకి క్షమాపణ చెప్తే లోకువైపోతాడు" అన్నాడొక మిత్రుడు. నేనతన్ని అడిగాను: "మనల్ని అవమానించినవాళ్లు ఒక్కసారి తప్పయిందంటే చాలని మనం ఇన్నేళ్లుగా ఎదురుచూడటం లేదా?"

బూచాడు, దిష్టి, తాయెత్తు

దేవుళ్లని వదిలేశాం, దయ్యాలని వదిలేశాం అని ప్రతిజ్ఞ చేశాం. కానీ అన్నం తినకపోతే బూచాడొస్తాడంటాం, నిద్రపోకపోతే పోలీసుకి పట్టిస్తానంటాం. మూఢనమ్మకం భయంలోంచి మొలుస్తుంది. ఆ భయం గింజని రెండేళ్లప్పుడే నాటి, ఇరవై ఏళ్లప్పుడు హేతువాదం చెప్తే ఎక్కదు. పోలీసు పేరుతో భయపెట్టడం మరీ తప్పు. రేపు అన్యాయం జరిగితే నిలబడి ఫిర్యాదు ఇవ్వాల్సింది ఆ పిల్లే.

నోటికొచ్చిన పేర్లు కూడా ఆపాలి. పక్కపిల్ల బొమ్మ లాక్కుంటే "దొంగపిల్ల", మాట ఆలస్యమైతే "మొద్దు". ఆ వయసుకి నాది నీది తేడా తెలీదు. మన తాతలకి ఊరు పెట్టిన పేర్లు ఎంత బరువుగా మోశారో మనకి తెలుసు. మన బిడ్డకి మనమే అలాంటి పేరు పెట్టొద్దు.

ఇక్కడ నా ఇంకో తప్పు చెప్పాలి. చిట్టికి ఒకసారి జ్వరమొచ్చింది. మా అమ్మ దిష్టి తీస్తానంది, తాయెత్తు తెచ్చి కట్టబోయింది. నేను లాగి బయట పారేశాను. "నీ వల్లే మన జాతి ఇలా ఉంది" అన్నాను. మా అమ్మ రెండు రోజులు అన్నం తినలేదు. "అయ్యా, నిన్ను కూడా ఇట్టాగే బతికించుకున్నాను. అప్పుడు డాక్టరెక్కడ, డబ్బెక్కడ?" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఆసుపత్రి అందని పల్లెలో తల్లి చేతికి అందింది ఆ దారమే.

నిజమే, తాయెత్తు జ్వరం తగ్గించదు. నేను చెప్పింది నిజం. కానీ అది దయతో చెప్పలేదు, సమయం చూసి చెప్పలేదు. అభయుడికి చెప్పిన మూడు కొలతల్లో రెండు తప్పాను. తర్వాత కాలామ సుత్తం పద్ధతి పట్టాను. నమ్మమని చెప్పలేదు, చూడమన్నాను. అమ్మ చేతికే థర్మామీటర్ ఇచ్చాను. డాక్టర్ రాసిన మందు పట్టిన గంటకి ఎంత తగ్గిందో చూపించాను. విరేచనాలైనప్పుడు ఓ.ఆర్.ఎస్. పొట్లాం లీటరు నీళ్లలో కలపడం నేర్పాను. ఇప్పుడు పల్లెలో ఏ బిడ్డకి విరేచనాలైనా "ముందు ఆ పొట్లాం కలపండే" అని అరిచేది మా అమ్మే. జ్వరమొస్తే నుదుటి మీద రాత్రంతా ఆమె చెయ్యి ఉంటుంది. ఆ చెయ్యి మైత్రి. తాయెత్తు భయం. చెయ్యి ఉంచుకుందాం, తాయెత్తు వదిలేద్దాం.

రమాబాయి తల్లి రాత్రులు

కరణీయ మెత్త సుత్తంలో మైత్రికి కొలత ఏది? ఒక్కగానొక్క బిడ్డని ప్రాణమడ్డం పెట్టి కాచుకునే తల్లి. బుద్ధుడు ఆ కొలతని రాజుల దగ్గర తీసుకోలేదు, రుషుల దగ్గర తీసుకోలేదు. రాత్రి లేచి పక్కగుడ్డ మార్చే మనిషి దగ్గర తీసుకున్నాడు. మరి ఆ మనిషికి మనం ఏమిస్తున్నాం?

బాబాసాహెబ్, రమాబాయి దంపతులకి అయిదుగురు పిల్లలు. నలుగురు పసితనంలోనే పోయారు. యశ్వంత్ ఒక్కడే బతికాడు. బాబాసాహెబ్ విదేశాల్లో చదువుకుంటున్నప్పుడు ఆ ఇంటి పేదరికాన్ని, ఆ గర్భశోకాన్ని మోసింది రమాబాయి. 1935 మే 27న ఆమె కన్నుమూసింది. మనం ఆమె పటానికి దండ వేస్తాం. మంచిదే. కానీ ఉద్యమంలో తిరిగే ప్రతి మగవాడి ఇంట్లో ఈ రోజుకీ ఒక రమాబాయి రాత్రుళ్లు మేలుకుంటోంది. రమాబాయికి గత్యంతరం లేదు. మనకుంది.

సిగాలోవాద సుత్తంలో భర్త బాధ్యతలు చెప్తూ బుద్ధుడు గౌరవించడం, అవమానించకపోవడం ముందు పెట్టాడు. చెడు నుంచి మళ్లించడం, మంచిలో నిలపడం తల్లిదండ్రులిద్దరి పనిగా చెప్పాడు. తల్లి ఒక్కదాని పని అనలేదు. నేను ఇప్పుడు పొద్దున పూట చిట్టికి స్నానం, బట్టలు, అన్నం నా పనిగా పెట్టుకున్నాను. మొదటి వారం ఉచ్చగుడ్డలు పిండుతుంటే పక్కింటాయన నవ్వాడు. ఇప్పుడు నవ్వడం లేదు. తాగి ఇంటికి పోయే అన్నదమ్ములకి ఒక్క మాట: అయిదో శీలం ఎందుకో పుస్తకంలో వెతకొద్దు. ఎత్తుకోబోతే మీ నోటివాసనకి మొహం తిప్పుకునే మీ బిడ్డని చూడండి.

ఈ పౌర్ణమి నుంచి వచ్చే పౌర్ణమి దాకా

పెద్ద ప్రతిజ్ఞలు వద్దు. ఒక్క నెల ఈ అయిదూ చేసి చూద్దాం.

1. బిడ్డ మీద చెయ్యి లేపం. లేస్తే ఒక శ్వాస ఆగుదాం. జారితే బిడ్డకి తప్పు ఒప్పుకుందాం.

2. బిడ్డకి అబద్ధం చెప్పం. పోయేటప్పుడు చెప్పి పోదాం, ఇస్తామన్నది ఇద్దాం.

3. బూచాడి పేరు, పోలీసు పేరు చెప్పి భయపెట్టం. తిట్టుపేరు పెట్టం.

4. బయట పడ్డ అవమానాన్ని గడప బయటే ఆపుదాం. భార్యతో, మిత్రుడితో మాటగా చెప్పుకుందాం. అర్జీగా రాద్దాం, పోరాటంగా మారుద్దాం. ఇంట్లో దెబ్బగా మార్చం.

5. రోజులో ఒక పూట బిడ్డ పని తండ్రి చేయాలి.

ఇంకో మనవి విహారానికి వచ్చే పెద్దలకి. చిట్టి వందనకి వస్తే కుదురుగా కూర్చోదు. పువ్వు నోట్లో పెట్టుకుంటుంది, కొవ్వొత్తి ఊదేస్తుంది. అందరూ "సాధు" అన్నాక ఒక్కతే "సాదూ" అంటుంది. దయచేసి కసరొద్దు. కొవ్వొత్తి ఎత్తుగా పెడదాం, పువ్వు ఇంకోటి తెద్దాం. మన తాతలని గుడి గడప తొక్కనివ్వలేదు. మన పిల్లలు తిట్టు తినకుండా పాకే చోటు ఒకటి ఉందంటే అది మన విహారమే కావాలి.

నేను మారిపోయానని చెప్పను. ఆ రాత్రి తర్వాత కూడా రెండుసార్లు చెయ్యి లేచింది. ఒకసారి ఆగింది. ఒకసారి ఆగలేదు, మళ్లీ తప్పు ఒప్పుకున్నాను. శ్మశానం దారి కోసం ఆ ఆఫీసుకి ఇంకా తిరుగుతూనే ఉన్నాను. ఆ గుమస్తా ఇంకా "రా" అనే అంటున్నాడు. ఆ పోరాటం వదలం, గెలిచేదాకా వదలం. కానీ వాడి మాట ఇప్పుడు మా గడప దాటి లోపలికి రావడం లేదు. సాయంత్రం చిట్టి చెంబుతో ఎదురొస్తుంది. సగం నీళ్లు దారిలోనే ఒలుకుతాయి. మిగిలినవి తాగి, గుడ్డ తెచ్చి ఇద్దరం కలిసి నేల తుడుస్తాం.

మీ ఇళ్లల్లో పసిబిడ్డలందరూ భయం లేకుండా, ఆరోగ్యంగా పెరగాలి. వాళ్ల చెంప మీద ఆసామి చెయ్యి, మన చెయ్యి రెండూ పడకుండా ఉండాలి.

భవతు సబ్బ మంగళం.
సాధు! సాధు! సాధు!
జై భీమ్!